హాట్ టబ్ స్నానము: వేడి, ధార, గాలి – వీని గుణదోషములు

ఆయుర్వేదమున స్నానము కేవలము ఒంటి మురికిని పోగొట్టు క్రియ కాదు. అది దినచర్యలో నొక భాగము. జఠరాగ్నిని ప్రజ్వలింపజేయునది, శ్రమను హరించునది, ఉత్సాహమును బలమును ఇచ్చునది అని పెద్దలు చెప్పిరి. రోగికి అదే స్నానము తగిన వేడిమితో, తగిన కాలము చేయించినచో చికిత్సయగును. మితము తప్పినచో అదియే రోగకారణమగును.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల ఇండ్లలో ఇటీవల పెరటియందు హాట్ టబ్ అను వేడినీటి తొట్టి తరచుగా కనిపించుచున్నది. ఇక్కడినుండి ఆరు నెలల కొరకు వెళ్ళిన తల్లిదండ్రులను, మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి తగ్గునను ప్రేమతో, పిల్లలు అందులో కూర్చుండబెట్టుదురు. ఆ తొట్టికి ముఖ్యముగా మూడు సాధనములు ఉండును. నీటిని కాచు హీటరు, నీటిని బలముగా చిమ్ము జెట్లు, అడుగునుండి గాలిని పంపు బ్లోవరు. మూడింటిని ఒకేసారి త్రిప్పి కూర్చుండుటయే గొప్ప సుఖమని చాలమంది భావింతురు. కాని మూడింటి గుణములు వేరు. ఒకటి వేడిని ఇచ్చును, ఒకటి ఆ వేడిని శరీరమునకు చేర్చును, ఒకటి వేడిని హరించును. ఈ భేదము తెలియని ఇంటిలో తొట్టియు సరిగా పనిచేయదు, పెద్దవారికి ప్రమాదము కూడ కలుగవచ్చును. కావున ఈ వ్యాసమున ఆ మూడింటి స్వభావమును, వానిని వాడు విధమును వివరింతును.

తొట్టి చరిత్ర

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమునకు ఇటలీనుండి వలస వచ్చిన జకూజీ సోదరులు నీటిపంపుల తయారీదారులు. వారిలో కాండిడో జకూజీ కుమారునకు పసితనముననే కీళ్ళవాతము సోకినది. ఆసుపత్రిలో ఆ బాలునకు వేడినీటి ధారలతో చికిత్స చేయుచుండిరి. ఆ ఉపశమనము ఇంటివద్దనే కలుగవలెనని తండ్రి సంకల్పించి, మామూలు స్నానపు తొట్టిలో ముంచి వాడదగిన చిన్న పంపును నిర్మించెను. 1950వ దశకమున అది విపణిలోనికి వచ్చినది. 1968లో ఆ కుటుంబమునకే చెందిన రాయ్ జకూజీ, ధారలను తొట్టి గోడలలోనే అమర్చిన స్నానపు తొట్టిని రూపొందించెను. అదే కాలమున కాలిఫోర్నియా ప్రజలు చెక్క పీపాలలో వేడినీరు నింపుకొని కూర్చుండు అలవాటు చేసికొనిరి. ఈ రెండు ధోరణులు కలిసి నేటి హాట్ టబ్ ఏర్పడినది. దీని పుట్టుక విలాసమునకు కాక, వాతపీడితుడైన ఒక బిడ్డ కొరకని పాఠకులు గమనింపవలెను.

శాస్త్రమున దీని స్థానము

చరకసంహిత సూత్రస్థానము పదునాల్గవ అధ్యాయమున అగ్నిసంబంధమైన స్వేదములు పదమూడు విధములుగా చెప్పబడినవి. వానిలో రెండు మనకిక్కడ ముఖ్యములు. మొదటిది అవగాహము. అనగా వాతహరమైన కషాయము, పాలు, తైలము, నెయ్యి లేక వేడినీరు నింపిన తొట్టిలో రోగిని కూర్చుండబెట్టుట. రెండవది పరిషేకము. అనగా వేడి ద్రవమును ధారగా శరీరముపై పోయుట. హాట్ టబ్‌లో హీటరుతో కాగిన నిలువనీరు అవగాహమును పోలును. జెట్ల ధార పరిషేకమును, కొంతవరకు మర్దనమును పోలును. బ్లోవరు గాలికి మాత్రము ఈ స్వేదములలో సాటి లేదు. అది వేడినీటిలోనికి చొచ్చిన వాయువు. వాయువునకు శైత్యము, రూక్షత, చలత్వము సహజగుణములు. ఆ గుణములే తొట్టిలోను కనబడుట క్రింద చూడగలరు.

ఒక ముఖ్యభేదమును మరువరాదు. శాస్త్రోక్తమైన అవగాహమున ద్రవ్యమును రోగికొరకు సిద్ధము చేసి వాడుదురు. హాట్ టబ్‌లో ఒకసారి నింపిన నీటినే సాధారణముగా మూడు నాలుగు నెలలు వడగట్టుచు, మందులు కలుపుచు, ఇంటిల్లిపాదియు వాడుదురు. పోలిక ఎంత ఉన్నను ఈ భేదమువలన జాగ్రత్తలు మారును.

హీటరు: అగ్ని

నలుగురైదుగురు కూర్చుండు తొట్టిలో 1200 నుండి 1500 లీటర్ల నీరు పట్టును. హీటరు శక్తిని మన ఇంటిలో బకెట్టునందు ముంచు హీటరు రాడ్డుతో పోల్చి చూడవచ్చును. 1 కిలోవాట్ హీటరు ఒక గంటలో 860 లీటర్ల నీటిని 1 డిగ్రీ సెంటిగ్రేడు మాత్రమే పెంచగలదు. 1400 లీటర్ల తొట్టిలో 15 డిగ్రీల చల్లని నీటిని 39 డిగ్రీలకు తేవలెనన్నచో, బయటకు పోవు వేడిని లెక్కింపకున్నను, 1 కిలోవాట్ హీటరునకు సుమారు 39 గంటలు పట్టును. 5.5 కిలోవాట్ల హీటరునకు సుమారు 7 గంటలు చాలును.

అమెరికాలో ఇంటి మామూలు ప్లగ్గులో 120 వోల్టుల విద్యుత్తు ఉండును. దానితో నడచు చిన్న తొట్లలో హీటరు 1 కిలోవాట్ సమీపమున ఉండును. పైగా ఆ ప్లగ్గు మోయగల విద్యుత్తు స్వల్పమగుటచే, జెట్లు పూర్తివేగముతో తిరుగునప్పుడు వీనిలో చాలవాటి హీటరు ఆగిపోవును. "మేము కూర్చున్నంతసేపు నీరు చల్లబడుచున్నది, హీటరు పాడైనదా?" అని సందేహించువారికి సమాధానమిదియే. పాడు కాలేదు, దాని ఏర్పాటే అంత. 240 వోల్టుల ప్రత్యేక తీగతో నడచు తొట్లలో హీటరు 4 లేక 5.5 కిలోవాట్లు ఉండి, సాధారణముగా జెట్లతోపాటు పనిచేయగలదు.

హీటరు పనితనమును తగ్గించునవి రెండు. మొదటిది మురికిపట్టిన ఫిల్టరు. నీటి ప్రవాహము తగ్గినచో హీటరు మాడకుండ రక్షకయంత్రము దానిని ఆపివేయును. రెండవది సున్నపు పొర. మన గీజరులో పట్టు తెల్లని పొరయే ఇది. నీటిలో క్షారత్వము పెరిగినకొలది ఈ పొర త్వరగా పట్టును. ఈ క్షారత్వమునకు బ్లోవరునకు సంబంధము కలదు, అది ముందు చెప్పుదును.

ఇక శరీరముపై హీటరు ప్రభావము. మన దేహపు సహజోష్ణము సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా ఫారన్‌హీటు లెక్కలో 98.6. గాలిలో ఉన్నప్పుడు వేడి ఎక్కువైనచో చెమట పట్టి, ఆ చెమట ఆరి దేహము చల్లబడును. మెడవరకు నీటిలో మునిగినవానికి చెమట పట్టినను అది ఆరుటకు తావు లేదు. నీరు దేహముకంటె వేడిగా ఉన్నచో, వేడిమి నీటినుండి దేహములోనికే ప్రవహించును. కావుననే అమెరికా వినియోగవస్తువుల భద్రతా సంఘము 104 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 40 సెంటిగ్రేడు, మించరాదని 1979లోనే హెచ్చరించినది. ఆ 104 ఆరోగ్యవంతుడైన యువకునికి దాటరాని ఎల్లయే కాని, అందరికిని తగిన వేడి కాదు. వయసు మళ్ళినవారికి 98 నుండి 100 డిగ్రీల ఫారన్‌హీటు చాలును.

జెట్లు: ధార

పంపు తొట్టిలోని నీటిని పీల్చి, వడగట్టి, సన్నని నోరుగల గొట్టములద్వారా తిరిగి తొట్టిలోనికి చిమ్మును. ఈ నోళ్ళే జెట్లు. ఇరుకైన చోట నీటి వేగము పెరుగును, ఒత్తిడి తగ్గును. తగ్గిన ఒత్తిడి, ప్రక్కనున్న సన్నని గొట్టమునుండి గాలిని తనలోనికి లాగుకొనును. తొట్టి అంచుపై నుండు చిన్న మీట ఈ గాలిని హెచ్చించుటకు తగ్గించుటకు ఏర్పడినది. ఈ గాలి బ్లోవరు గాలి కాదు. నీటి ధారతో కలిసి వచ్చి దానికి బలము చేకూర్చు గాలి ఇది.

జెట్ల సంఖ్య చూచి తొట్టిని మెచ్చుకొనుట పొరపాటు. పంపు బలము ఒకటే. దానిని ఇరువదింటికి పంచినచో ఒక్కొక్కదానికి వచ్చుదానికంటె అరువదింటికి పంచినచో వచ్చునది తక్కువ. పొలములో ఒక మోటారు నీటిని ఎన్ని మళ్ళకు పారించినచో ఒక్కొక్క మడికి అంత సన్నగిల్లినట్లే ఇదియును. కొన్ని తొట్లలో నీటిని ఒక ఆసనమునుండి మరియొక ఆసనమునకు మళ్ళించు మీట ఉండును. నడుము నొప్పిగలవారు ఆ మీటను తమవైపునకు త్రిప్పుకొన్నచో ధార బలపడును.

జెట్లు వేడిని పుట్టించునవి కావు, కాని వేడిని శరీరమునకు త్వరగా చేర్చును. నిశ్చలమైన నీటిలో కూర్చున్నప్పుడు చర్మమును అంటి పలుచని నీటిపొర నిలుచును. అది చర్మపు వేడికి దగ్గరగా వచ్చి, అడ్డుతెరవలె కాపాడును. ధార ఆ తెరను చెదరగొట్టి, ఎప్పటికప్పుడు క్రొత్త వేడినీటిని చర్మమునకు తగిలించును. అందుచేత 102 డిగ్రీల నీటిలో జెట్లు లేకుండ పది నిమిషములు కూర్చుండుటయు, జెట్లతో పది నిమిషములు కూర్చుండుటయు ఒకటి కాదు. రెండవదానిలో దేహము త్వరగా వేడెక్కును.

ధారను వీపు, నడుమునకు ఇరుప్రక్కలు, తొడలు, పిక్కలు, అరికాళ్ళపై తగులనిచ్చుట మేలు. హృదయము, కన్నులు, వృషణములు ఈ మూటిని స్వేదింపజేయరాదు, తప్పనిసరియైనచో మృదువుగా మాత్రమే అని చరకుని ఆదేశము. కావున ధారను ఎదురురొమ్మునకు, ముఖమునకు, గుహ్యప్రదేశమునకు, కంఠమునకు చూపరాదు. వృషణములకు అధికమైన వేడి వీర్యకణములను తగ్గించునని ఆధునిక వైద్యులును అంగీకరించుచున్నారు. సంతానమును కోరు పురుషులు ఈ తొట్టికి దూరముగా ఉండుట యుక్తము. కాలి సిరలలో రక్తము గడ్డకట్టినవారు, రక్తమును పలుచబరచు మందులు వాడువారు తమ వైద్యునడుగక ధారలకు ఎదురుగా కూర్చుండరాదు.

జెట్లు నీటిని చిమ్మవలెనన్నచో పంపు నీటిని ఎక్కడనుండియో పీల్చవలెను. ఆ పీల్చు రంధ్రములవద్ద అపాయము కలదు. 2002లో అమెరికాలోని వర్జీనియాలో ఏడేండ్ల బాలిక ఒక హాట్ టబ్ అడుగున పీల్చు రంధ్రమునకు అతుక్కొనిపోయి మరణించినది. ఆ వర్జీనియా గ్రేమ్ బేకర్ పేరుతోనే 2007లో అక్కడ రక్షణచట్టము వచ్చినది. రంధ్రములపై మూత పగిలినను, ఊడినను తొట్టిలో దిగరాదు. మన స్త్రీలు జడను విడిచిపెట్టక నెత్తిపై ముడివేసికొనవలెను. చీర, ఓణీ, వదులైన లుంగీ ధరించి దిగరాదు.

బ్లోవరు: గాలి

బ్లోవరు బయటి గాలిని పీల్చి, తొట్టి అడుగునను ఆసనములలోను ఉన్న చిన్న రంధ్రములద్వారా నీటిలోనికి పంపును. అసంఖ్యాకమైన బుడగలు పైకి లేచును. శరీరమునకు చక్కిలిగింత వంటి సుఖము కలుగును. కాని బుడగలు కండరములను లోతుగా మర్దింపవు. నొప్పిగల కండరమునకు జెట్టు ధార చేయు మేలు బుడగలవలన కలుగదు.

వేడిపాలను చల్లార్చుటకు మన ఇండ్లలో ఏమి చేయుదురు? ఒక గ్లాసునుండి మరియొక గ్లాసునకు ఎత్తి తిరుగబోయుదురు. గాలి తగిలినకొలది ఆవిరి లేచి, వేడిని తీసికొనిపోవును. బ్లోవరు చేయు పనియు ఇదే. 1 లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 0.67 కిలోవాట్ గంటల వేడి ఖర్చగును. 38 డిగ్రీలవద్ద ఆవిరితో పూర్తిగా నిండిన 1 ఘనపు మీటరు గాలి తనతో సుమారు 46 గ్రాముల నీటిని మోసికొనిపోవును. గంటకు 50 ఘనపు మీటర్ల గాలి ఈ విధముగా నిండి వెలువడినచో, రెండు లీటర్లకు పైగా నీరు ఆవిరియగును. దానితో సుమారు ఒకటిన్నర కిలోవాట్ల వేడి పోవును. మీ హీటరు 1 కిలోవాట్‌దైనచో, అది నిరంతరము కాచుచున్నను బ్లోవరు హరించుదానికి సరిపోదు. కొన్ని బ్లోవర్లలో గాలిని వెచ్చజేయు చిన్న హీటరు ఉండును. అది చల్లనిగాలి చర్మమునకు తగులు బాధను తగ్గించును కాని, ఆవిరివలన కలుగు నష్టమును ఆపలేదు.

పావుగంట స్నానములో ఈ నష్టము పెద్దగా తెలియదు, నీటి వేడి అర డిగ్రీ కూడ తగ్గకపోవచ్చును. బంధువులు చేరి గంటసేపు బ్లోవరు నడిపినప్పుడు, మంచు కురియు రాత్రి మూత తీసియుంచినప్పుడు నీరు చల్లబడుట స్పష్టముగా తెలియును, విద్యుత్తు బిల్లులోను కనబడును.

బ్లోవరువలన మరియొక మార్పు కలదు. నీటిలో కరగియున్న బొగ్గుపులుసు వాయువును బుడగలు వెళ్ళగొట్టును. దానితో నీటి క్షారత్వము పెరుగును. క్షారత్వము పెరిగిన నీటిలో క్లోరిను బలము తగ్గును, హీటరుపై సున్నపు పొర పట్టును. అనగా గాలి అతిగా వాడిన ఇంట అగ్ని మందగించును. వాయువు ప్రకోపించినచో అగ్ని విషమించునని మనము రోగులకు చెప్పు మాట ఈ యంత్రమునకును వర్తించుట వింతగా తోచును.

అసలు ప్రమాదము ఎక్కడ?

ఇప్పుడు మూడును ఒకేసారి నడచునప్పుడు ఏమగునో ఆలోచింపుడు. బ్లోవరు చల్లనిగాలి చర్మమునకు తగులుచుండుటచే నీరు అంత వేడిగా లేదని తోచును. అంతట ఇంటివారు ఉష్ణమును 104కు పెంచుదురు. కొంతసేపటికి బ్లోవరు తనంతట ఆగును, లేక ఎవరో ఆపుదురు. నీరు మాత్రము 104 వద్దనే ఉండును. జెట్లు ఆ వేడిని చర్మమునకు చేరవేయుచునే ఉండును. అందులో కూర్చున్న డెబ్బది ఏండ్ల తండ్రికి హాయిగా ఉన్నట్లే తోచును. లోపల రక్తనాళములు విప్పారి రక్తపు ఒత్తిడి తగ్గుచుండును. ఆయన లేచి నిలుచున్న క్షణమున తల తిరిగి, కన్నులు చీకట్లు క్రమ్మి, తడి మెట్లపై కూలిపోవచ్చును. రక్తపు పోటుకు మాత్ర వేసికొన్నవారికి ఈ భయము మరింత అధికము.

శాస్త్రమున సమ్యక్ స్వేదనమునకును అతిస్వేదనమునకును లక్షణములు వేరువేరుగా చెప్పబడినవి. చలి, నొప్పి తగ్గుట, బిగువు, బరువు వదలుట, అంగములు మృదువగుట, చెమట పట్టుట, ఇవి కనబడగానే స్వేదనమును ఆపవలెను. పిత్తప్రకోపము, మూర్ఛ, దప్పిక, దాహము, స్వరము, అంగములు బలహీనమగుట అతిస్వేదన లక్షణములు. తొట్టిలో చెమట నీటిలో కలిసిపోవుటచే దానిని చూచి కాలము నిర్ణయింపజాలము. కావున గడియారమును, ఉష్ణమాపకమును నమ్ముకొనవలెను. తొట్టి గోడపై కనబడు అంకె కొన్ని డిగ్రీలు తప్పియుండవచ్చును. నీటిలో తేలు ప్రత్యేక థర్మామీటరు ఒకటి కొని ఉంచుకొనుట మంచిది.

నీటి శుద్ధి, మన నూనెల సంగతి

వెచ్చని నీరు సూక్ష్మక్రిములకు ఇష్టమైన చోటు. లెజియొనెల్లా అను క్రిమి 25 నుండి 45 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య వృద్ధిపొందును. అది నీటిని త్రాగుటవలన కాక, నీటితుంపరలను పీల్చుటవలన ఊపిరితిత్తులకు ప్రమాదకరమగును. జెట్లు, బ్లోవరు తుంపరలను పుట్టించు యంత్రములే. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్‌పెల్ పుష్పప్రదర్శనలో ప్రదర్శనకుంచిన తొట్టి తుంపరలవలన నూరుమందికి పైగా జబ్బుపడిరి, పాతికమందికి పైగా మరణించిరి. వారు ఆ తొట్టిలో దిగినవారు కారు, దాని ప్రక్కగా నడచిపోయినవారు. 2019లో అమెరికాలోని నార్త్ కరొలైనా సంతలోను హాట్ టబ్ ప్రదర్శనకు సమీపమున ఇట్టి ఉపద్రవమే సంభవించి నలుగురు మరణించిరి.

కావున క్లోరిను లీటరుకు కనీసము 3 మిల్లీగ్రాములు, లేక బ్రోమిను కనీసము 4 మిల్లీగ్రాములు ఉండవలెనని, పి.హెచ్. 7.0 నుండి 7.8 మధ్య ఉండవలెనని అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రము సూచించుచున్నది. దీనిని పరీక్షించు కాగితపు పట్టీలు దుకాణములలో దొరకును. నీరు తేటగా కనబడినంతమాత్రమున శుద్ధమైనదని తలపరాదు. జెట్ల గొట్టములలోను బ్లోవరు గొట్టములలోను జిగురుపొర పట్టుచుండును. నీరు మార్చునప్పుడు ఆ గొట్టములను కూడ శుద్ధి చేయించవలెను.

ఇక మనవారు విశేషముగా గమనింపవలసిన విషయము. స్వేదనమునకు ముందు స్నేహనము, అనగా అభ్యంగము, చేయవలెనని ఆయుర్వేదము చెప్పును. ఆ నియమమును తలచి నువ్వుల నూనెతోనో మహానారాయణ తైలముతోనో ఒళ్ళు రుద్దుకొని హాట్ టబ్‌లో దిగువారు కలరు. ఇది కూడదు. నూనె ఫిల్టరును మూసివేయును, జెట్లు దానిని నురుగుగా మార్చును, క్లోరిను ఆ నూనెతో పోరాడుటలోనే ఖర్చగును. ఫిల్టరు మూసికొన్నచో హీటరు ఆగును. అట్లే వేపాకు, పసుపు, దశమూల కషాయము, సున్నిపిండి, పాలు ఏవియు ఇందులో కలుపరాదు. అభ్యంగపూర్వకమైన స్వేదనము కావలసినవారు పంపు లేని మామూలు తొట్టిలోనో, బకెట్టు చెంబులతో పరిషేకముగానో చేసికొని, ఆ నీటిని పారబోయవలెను. హాట్ టబ్‌లో దిగువారు ముందుగా సబ్బుతో స్నానము చేసి, నూనె లేని ఒంటితో దిగవలెను. తైలమును తొట్టినుండి వచ్చి కడుగుకొన్న తరువాత వ్రాసికొనవచ్చును. క్లోరినువలన పొడిబారిన చర్మమునకు అప్పుడది హితము.

ఎవరికి తగదు?

గర్భిణులు, రక్తపిత్తము, అతిసారము, మధుమేహము, కామెల గలవారు, మద్యము సేవించినవారు, ఆకలిదప్పులతో ఉన్నవారు, మిక్కిలి అలసినవారు, కోపముతో, శోకముతో ఉన్నవారు స్వేదనమునకు అనర్హులని శాస్త్రము. ఈ పట్టిక నేటికిని విలువ కోల్పోలేదు. గర్భము ధరించిన తొలి మాసములలో తల్లి దేహము అతిగా వేడెక్కినచో శిశువు వెన్నెముక, మెదడు ఏర్పాటునకు హాని కలుగవచ్చును. మధుమేహముచే పాదములలో స్పర్శ తగ్గినవారికి నీరు కాలుచున్నను తెలియదు. మద్యము మగతను తెచ్చి నీటమునుగుటకు దారితీయును.

హృద్రోగులకు వేడితోపాటు నీటి ఒత్తిడియు లెక్కింపదగినది. 1 మీటరు లోతున నీరు సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి కలుగజేయును. దానితో కాళ్ళలోని రక్తము రొమ్మువైపునకు నెట్టబడి, గుండెకు పని పెరుగును. అట్టివారు తమ వైద్యుని అనుమతి లేక దిగరాదు. ఐదేండ్లలోపు పిల్లలను ఎన్నడును దించరాదు. చర్మముపై పుండ్లు, జ్వరము, విరేచనములు ఉన్నవారు తమ కొరకును ఇతరుల కొరకును మానవలెను.

స్నానవిధానము

1. భోజనమైన తరువాత రెండు గంటలు గడచిన పిమ్మట, దిగుటకు ముందు ఒక గ్లాసు నీరు త్రాగి, సబ్బుతో కడుగుకొని దిగవలెను.

2. నీరు పెద్దవారికి 98–100 డిగ్రీల ఫారన్‌హీటు, ఆరోగ్యవంతులకు 100–102 డిగ్రీలు చాలును. పెద్దవారు ఒంటరిగా దిగరాదు.

3. మొదటి మూడు నాలుగు నిమిషములు జెట్లు, బ్లోవరు లేకుండ నిశ్చలమైన నీటిలో కూర్చుండి, దేహమును అలవాటు పడనిండు.

4. పిమ్మట జెట్లను నొప్పిగల భాగమువైపు మెల్లగా, దేహమునకు కొంచెము దూరముగా, ఐదు నిమిషములు వాడుడు. ఒకేచోట ధారను నిలుపక అటునిటు కదలుచుండవలెను.

5. బ్లోవరు కావలెనన్నచో చివర రెండు మూడు నిమిషములు చాలును. చలికాలమున దానిని మానుట మేలు. బ్లోవరు నడచునప్పుడు ఉష్ణమును పెంచరాదు.

6. మొత్తము స్నానము పెద్దవారికి పది, ఇతరులకు పదునైదు నిమిషములు మించరాదు. తల తిరిగినను, గుండె దడ పుట్టినను, నోరు ఎండినను వెంటనే వెలుపలికి రావలెను.

7. తలను ముంచరాదు. మెడకు క్రింది భాగమున వేడినీరు బలమునిచ్చును, శిరస్సున అదే నీరు కేశములకు కన్నులకు బలహాని చేయునని వాగ్భటుని ఉపదేశము.

8. లేచునప్పుడు ముందు గట్టుపై ఒక నిమిషము కూర్చుండి, కమ్మీ పట్టుకొని నిలువవలెను. వెంటనే ఒళ్ళు తుడుచుకొని, చలిగాలి తగులకుండ వస్త్రము కప్పుకొనవలెను.

9. తరువాత గోరువెచ్చని ధనియాల నీరుగాని, పలుచని మజ్జిగగాని త్రాగి, అరగంట విశ్రమింపవలెను.

10. స్నానము కాగానే జెట్లు, బ్లోవరు ఆపి, మూత గట్టిగా వేయవలెను. వేడి అధికముగా నీటి ఉపరితలమునుండియే పోవును. మంచి మూత ఒక చిన్న హీటరుతో సమానము.

మన ఊళ్ళలో

హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరములలో క్రొత్త ఇండ్ల స్నానపు గదులలో జెట్లుగల తొట్లు అమర్చుచున్నారు. వీనిలో చాలవాటికి నీటిని కాచు హీటరు ఉండదు, గీజరు నీటినే నింపుకొనవలెను. కొనుటకు ముందు ఒక చిన్న లెక్క చేసికొనుడు. 25 లీటర్ల గీజరులో నీరు 60 డిగ్రీల సెంటిగ్రేడుకు కాగి, 25 డిగ్రీల చన్నీటితో కలిసి 38 డిగ్రీలకు వచ్చినచో మొత్తము సుమారు 67 లీటర్లే అగును. తొట్టికి 200 లీటర్లు కావలెనన్నచో మూడుసార్లు గీజరు కాగవలెను. మూడవసారి నీరు వచ్చులోపల మొదటి నీరు చల్లారును. తొట్టి ధరను మాత్రమే చూచి కొన్నవారు తరువాత విచారింతురు. ఒక మేలు మాత్రము కలదు. ఈ నీటిని ప్రతిసారి పారబోయుదురు. అయినను గొట్టములలో మిగిలిన నీరు చెడకుండ శుద్ధి చేయవలెను.

తొట్టియే లేని ఇంటివారు చింతింపవలసిన పని లేదు. నడుమునొప్పి, మోకాళ్ళనొప్పి గలవారికి వావిలాకు వేసి కాచిన నీటిని గోరువెచ్చగా చేసి, చెంబుతో జానెడు ఎత్తునుండి పది నిమిషములు ధారగా పోసినచో అదియే పరిషేకము. మన ఇండ్లలో బాలింతలకు వావిలాకు నీరు పోయు ఆచారము దీనికి సోదరియే. అందులో వేడి కలదు, ధార కలదు. గాలి లేదు, అది లేకున్నను లోటు లేదు.

అగ్ని ఎంత కావలెనో అంతయే వెలిగించి, ధారను నొప్పిగల చోటనే వాడి, గాలిని కొద్దిగా వినోదమునకు ఉంచుకొన్నచో ఈ తొట్టి వాతరోగులకు మంచి మిత్రమగును. అమెరికాలోనున్న మీ పిల్లలకు ఉత్తరము వ్రాయునప్పుడో, ఫోనులో మాటలాడునప్పుడో ఈ విషయములను తెలియజెప్పుడు. తల్లిదండ్రులను తొట్టిలో దించుటకు ముందు వారు ఉష్ణమాపకమును చూచుట నేర్చుకొందురు.